కారం

ఎంజీఎంల మగోళ్ళ వార్డు, కిటికి పక్క మంచం.
మా నాయిన ఓదేలు
కుడి చెయ్యి ఎత్తలేడు, నోట మాట తిరగది.
ఎడమ చెయ్యొక్కటే లేస్తది,
లేసినప్పుడల్లా కండ్లు తుడుసుకుంటది.
తుడిసినకొద్ది ఏడుపు.

మూడు రోజులు గట్లనే.
ముప్పై ఏండ్లు ఎనుమాముల యార్డుల
మిర్చి బస్తాలు మోసిన మనిషి
సంటిపిల్లగాని తీరు ఏడుస్తడని ఎవ్వరం అనుకోలె.
అప్పు తలుసుకొని ఏడుస్తుండన్నది అమ్మ.
సచ్చిపోయిన తాత కండ్ల వడుతుండన్నడు చిన్నాయిన.
నేనేమనలే.
నాయిన పడ్డనాడు మూడుసార్లు మోగిన ఫోను
ఎత్తనిది నేనే.
డ్యూటీ డాక్టరు కంటి చుక్కలు రాసిండు.

సూడవచ్చినోళ్ళు సూసి పోయిండ్రు.
మింగలేని మనిషికి బత్తాయిలు తెచ్చిండ్రు.
ఒకాయిన మంచం కాడ నిలవడి
కర్మ గురించి గంటసేపు చెప్పిండు.
తెల్లంగీల పిల్లలు నలుగురు
దేవుని కరపత్రమొకటి దిండు కింద పెట్టిండ్రు.
మంచిదే. రాత్రంత
దాంతోనే దోమలు ఇసిరిన.

ఆదివారం, పదకొండు దాటినంక
రాహేలమ్మ వచ్చింది.
మాకేం కాదు. దేశాయిపేటామె.
కాజీపేట టేషన్ల ఊడ్సి ఊడ్సి రిటైరైందట.
మంచం మంచానికి ఆగుకుంట వస్తాంది,
సంకల నల్ల జిప్పు బైబిలు.

మా కాడ కూసుండి జిప్పు తీసింది.
వాక్యం సదువుతదేమోనని
మర్యాదకు కండ్లు మూసుకున్న.
టిక్కుమన్నది.
తెరిసి సూస్తే
ఆమె చేతుల గోర్ల కట్టరున్నది.

నాయిన ఎడమ చెయ్యి పట్టుకొని
గోరు కింద సూసింది. వాసన సూసింది.
తలకింద మడిసిన ఎర్ర తువ్వాల గుంజి
ముక్కు కాడ పెట్టుకొని
నాలుగు తుమ్ములు తుమ్మింది.
"ఏడుస్తలేడు బిడ్డా" అన్నది,
"కారం.
గోర్లల్ల మిరపకారం ఇరికున్నది.
తుడుసుకున్నప్పుడల్లా కండ్లల్ల వడుతాంది."

మూడు రోజులు.
ఆ నీళ్ళకు మేం ముగ్గురం మూడు కతలు అల్లినం.
చెయ్యి మాత్రం
ఎవ్వరం కడుగలె.

పది గోర్లు తీసింది.
పడిపోయిన చేతివి ఇంకింత మెల్లగ తీసింది,
నొప్పి దానికే తెలుస్తదన్నట్టు.
ముందుగాల నూనె రాసింది.
నీళ్ళకు లొంగది, కారం నూనెకు లొంగుతదట.
తర్వాత సబ్బు. ప్లాస్టిక్ టబ్బుల
నాయిన చెయ్యి చేపోలె పండుకున్నది.
తువ్వాల నాతోని ఉతికిపిచ్చింది,
ఒక్కసారి కాదు, మూడుసార్లు.

పేరడిగింది.
ఓదేలంటే, "మల్లన్న పేరా, సల్లగుండాలె" అన్నది.
ఏదో ఒకటి అనాలె గదా అని
"ప్రార్థన చెయ్యవా అవ్వా" అన్న.
"పొద్దుగాల నాలుగింటికే అయింది బిడ్డా.
గప్పుడు జోడిచ్చిన చేతులే,
గిప్పుడు ఇడిసిన."

జరసేపటికి నాయిన కండ్లు తేటవడ్డయి.
అమ్మను సూసిండు. కిటికిని సూసిండు.
నన్ను శానసేపు సూసిండు.
గప్పుడు ఏడ్సిండు.
కొంగుతోని తుడువబోతే
రాహేలమ్మ నా చెయ్యి పట్టి ఆపింది.
"ఇవి ఆయినవే.
కారనియ్యి."

టబ్బుల నీళ్ళు లేత ఎరుపు.
కిటికి కింద ఎవరో నాటిన కానుగ మొక్క
ఎండకు తలకాయ ఏలాడేసింది.
అటు పోయబోయిన.
"అయ్యో, దానికి మండదా" అని
టబ్బు నా చేతులకెల్లి గుంజుకొని
వరండా చివరి మోరి దాకా
కుంటుకుంట పోయింది.

కట్టరు మా మంచం మీదనే మరిసింది.
పక్క మంచం ముసలాయిన, పేరు తెల్వది,
అప్పటికే నా దిక్కు
చెయ్యి చాపి ఉన్నడు.